క్యూలో ఆఖరి మనిషి

మా అమ్మ ముప్పై ఏళ్ళ పాటు ఎలక్షన్లు చేయించింది. ఒక్కసారి కూడా ఓటు వేయలేదు.

ఈ సంగతి నాకు టెక్సాస్‌లోని ప్లేనోలో, మా వంటింట్లో, అమ్మకి అరవై ఎనిమిదో ఏడు నడుస్తుండగా తెలిసింది. అదీ నేను ఎగతాళి చేయబోతే బయటపడింది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. గ్రీన్‌కార్డ్ వచ్చి ఐదేళ్ళు నిండగానే సిటిజన్‌షిప్‌కి అప్లై చేయమని నా వెంటపడింది. చేశాను. ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్నలకి జవాబులన్నీ చీటీల మీద రాసుకుని ఫ్రిజ్ మీద, బాత్రూమ్ అద్దం మీద, చివరికి పోపులపెట్టె మూత లోపల కూడా అంటించింది. ఎండుమిరపకాయ కోసం మూత తీస్తే సుప్రీం కోర్టులో ఎంతమంది జడ్జీలుంటారో కనపడేది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ వయసులో ఈ బట్టీ ఎందుకమ్మా? గ్రీన్‌కార్డ్ ఉందిగా. హాయిగా సీరియల్స్ చూసుకోవచ్చుగా" అన్నాను.

"ఓటు కోసం" అంది, గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ.

"అక్కడ జీవితమంతా వేసింది చాల్లేదా?"

"అక్కడ నేనెప్పుడు వేశానే?"

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. గోరుచిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి లెక్క చెప్పింది. ఓటు వయసు వచ్చిన మరుసటేడే టీచరుద్యోగం వచ్చింది. టీచరన్నాక ఎలక్షన్ డ్యూటీ తప్పదు. ప్రతిసారీ ఎక్కడో ముప్పై నలభై మైళ్ళ అవతల ఊళ్ళో బూత్ పడేది. తన ఓటేమో మా ఊళ్ళో ఉండేది. డ్యూటీ వాళ్ళకి పోస్టల్ బ్యాలెట్ అని ఒకటుంది కదా అంటే, "ఫారం నింపి ఇచ్చేదాన్ని. ఒకసారి రానే లేదు. ఒకసారి వచ్చేసరికి లెక్కింపే అయిపోయింది. తర్వాత అడగడం మానేశా" అంది.

"మరి రిటైరయ్యాక?"

"రిటైరయ్యాక వచ్చిన మొదటి ఎలక్షన్‌కి ఇక్కడ నీ పురిటి మంచం పక్కన ఉన్నా. తర్వాతదానికి మీ నాన్న ఐసీయూలో ఉన్నారు. అంతే, అయిపోయింది."

దెప్పుతున్నట్టు కాదు, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. నాకు తల తీసేసినట్టయింది. నా చిన్నప్పుడు పోలింగ్ అయిన మర్నాడు పొద్దున్నే అమ్మ ఏ లారీలోనో ట్రాక్టర్‌లోనో వచ్చి దిగేది. చీర నలిగి, కళ్ళు లోపలికి పోయి, కుడిచేతి వేళ్ళన్నీ నల్లటి సిరాతో ఉండేవి. నేను ఆ వేళ్ళు చూసి అమ్మ బోలెడన్ని ఓట్లు వేసిందని మురిసిపోయి పక్కింటి పిల్లలకి చెప్పుకునేదాన్ని. అది ఊరందరి వేళ్ళకీ పూయగా అంటుకున్న సిరా. ఎడమచేతి చూపుడు వేలు మీద, ఓటేసినవాళ్ళకి ఉండాల్సిన చోట, ఏమీ ఉండేది కాదు. అది నేను అప్పుడు చూడలేదు.

ఇక నా సంగతి. నేను సిటిజన్ అయి అప్పటికి ఆరేళ్ళు. ఓటు వేసింది ఒక్కసారి, అదీ మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు అని మే నెలలో వచ్చే చిన్న ఎలక్షన్లు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయేవో కూడా తెలిసేది కాదు. వీకెండ్ పార్టీల్లో మాత్రం బిర్యానీ ప్లేట్ పట్టుకుని ఈ దేశం ఎటు పోతోందో గంటలు గంటలు ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఒకసారి వీసా మీద పదేళ్ళుగా ఉన్న ఒక ఫ్రెండ్, "మాకెలాగూ లేదు. నీకుంది కదా, వేశావా?" అని అడిగితే టాపిక్ మార్చి రైతా వడ్డించాను.

అమ్మ ఇంటర్వ్యూ ఫస్ట్ అటెంప్ట్‌లో పాసైంది. ప్రమాణం రోజున ఆ పెద్ద హాల్లోంచి బయటికి వస్తుంటే గుమ్మం దగ్గరే ఒక బల్ల వేసుకుని వాలంటీర్లు కూర్చున్నారు, ఓటరు రిజిస్ట్రేషన్ ఫారాలతో. మా వాళ్ళందరూ జెండా దగ్గర ఫోటోలకి ఎగబడుతుంటే అమ్మ నేరుగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళి ఫారం తీసుకుని, కుర్చీ లేకపోతే గోడకి ఆనించి పెట్టుకుని నింపేసింది.

"చూశావా? పౌరసత్వం ఇచ్చిన గుమ్మంలోనే ఓటు కూడా చేతిలో పెడుతున్నారు" అంది. ఆ వాలంటీర్లకి చేతులెత్తి దండం పెట్టింది. వాళ్ళూ తిరిగి పెట్టారు, కాస్త వంకరగా.

అంతటితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది! నవంబరులో జరిగే పెద్ద ఎలక్షన్‌కి బూత్‌లో పనిచేయడానికి మనుషులు కావాలని కౌంటీ వాళ్ళ, అంటే మన జిల్లా ఆఫీసు లాంటి వాళ్ళ, వెబ్‌సైట్‌లో చూసి, "నన్ను చేర్చవే" అంది. క్లర్క్ అంటారు ఆ పనిని. ఆన్‌లైన్ ఫారం నింపుతుంటే ఒకచోట మీరు ఏ పార్టీ అని ఉంది. ఇక్కడ బూత్‌లో రెండు పార్టీల వాళ్ళనీ పక్కపక్కన కూర్చోబెడతారు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడానికి. అది చెప్పేసరికి అమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"డ్యూటీ చేసేదానికి పార్టీ ఏంటే? ఎవరైనా వింటే పరువు పోదూ! మా కాలంలో ఆ మాటంటే సస్పెండ్ చేసేవాళ్ళు."

"అమ్మా, ఇక్కడ పద్ధతి అది."

"ఖాళీగా వదిలెయ్. కావాలంటే టీచర్ అని రాయి."

ఖాళీగానే వదిలేశాం. తీసుకున్నారు.

మా ఇంటికి దగ్గర్లోనే, లైబ్రరీ వెనక కమ్యూనిటీ హాల్లో పడింది డ్యూటీ. ఆ బూత్‌కి పెద్ద ఒక అమెరికన్ ఆవిడ. డెబ్బై దాటి ఉంటాయి, నెరిసిన పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. ఆ పదవిని ఇక్కడ ఎలక్షన్ జడ్జి అంటారు. కోర్టు జడ్జి కాదు, మన ప్రిసైడింగ్ ఆఫీసర్ లాంటి మనిషి. అది విన్నాక అమ్మ ఆనందానికి హద్దుల్లేవు. "మా పీఓల్ని ఒక్కడూ అండీ అని కూడా అనలేదు, ఇక్కడ ఏకంగా జడ్జి అంటారట!" ఆ రోజు నుంచి ఆవిడ మా ఇంట్లో జడ్జిగారు.

ఇప్పుడు ఒప్పందం సంగతి చెప్పాలి. తర్వాత జరిగిందంతా దానివల్లే.

టెక్సాస్‌లో పోలింగ్ రోజు కంటే ముందే దాదాపు రెండు వారాలు ఓటు వేయొచ్చు. మా ఆయన మొదటి రోజే వేసొచ్చి, 'నేను ఓటు వేశాను' అనే స్టిక్కర్ ఫ్రిజ్‌కి అంటించాడు, నేను రోజూ చూడాలని. "అత్తయ్యగారూ, మీరూ వచ్చేయండి, పది నిమిషాల పని" అన్నాడు. అమ్మ ససేమిరా అంది.

"ముందే వేసేస్తే అది పోలింగ్ ఎలా అవుతుంది బాబూ? నేను ఆ రోజే వేస్తాను. క్యూలో నిలబడి వేస్తాను." తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నువ్వు కూడా ఆగవే. ఇద్దరం కలిసి వేద్దాం. మొదటిసారి కదా, పక్కన నువ్వుంటే బాగుంటుంది" అంది.

మా అమ్మ నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తులేదు. చెప్తుంది, ఆర్డరేస్తుంది, లేదా తనే చేసేసుకుంటుంది. అలాంటిది అడిగింది. "సాయంత్రం ఐదింటికల్లా వచ్చేస్తా, నీ బ్రేక్‌లో ఇద్దరం వేసేద్దాం" అని మాటిచ్చాను. బూత్ ఏడింటికి మూస్తారు. రెండు గంటలు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నాను.

పోలింగ్ రోజు తెల్లవారకుండానే గంజి పెట్టిన నూలుచీర, దాని మీద స్వెటర్, కాళ్ళకి స్నీకర్స్, చేతిలో పెరుగన్నం డబ్బాతో అమ్మ కార్‌లో కూర్చుంది. నాలుగు పెన్నులు, ఒక స్కేలు, రబ్బర్ బ్యాండ్లు కూడా తెచ్చుకుంది. అక్కడ అన్నీ వాళ్ళే ఇస్తారమ్మా అంటే, "సామగ్రిని నమ్ముకుంటే అంతే సంగతులు" అంది. ఫోన్ మాత్రం నా చేతికిచ్చేసింది. ఓటింగ్ జరిగే చోట ఫోన్ వాడకూడదు. పక్కన పెట్టుకోవచ్చని నేనంటే అసలు లోపలికి తీసుకెళ్ళడమే తప్పన్నట్టు చూసింది.

లోపల పగలంతా ఏం జరిగిందో తర్వాత అమ్మా జడ్జిగారూ చెప్పగా తెలిసింది. అమ్మని చెక్-ఇన్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఓటరు వస్తే ఫోటో ఐడీ చూసి, టాబ్లెట్‌లో పేరు వెతికి, ఇంకా ఈ అడ్రస్‌లోనే ఉంటున్నారా అని అడిగి, కాగితం చేతికివ్వాలి. ఆ కాగితం తీసుకెళ్ళి మెషీన్ దగ్గర ఓటు వేసుకుంటారు. అమ్మ మొదటి ఓటరు ఐడీ తీసుకుంది. పేరు చూసింది. తలెత్తి, స్కూల్ అసెంబ్లీలో పిలిచినంత గట్టిగా, హాలు మార్మోగేలా ఆ పేరు చదివింది.

పాపం ఆ మనిషి హడలిపోయాట్ట. క్యూలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. జడ్జిగారు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు.

"ఏజెంట్లకి వినపడాలి కదండీ" అంది అమ్మ, తన ఇంగ్లీషులో.

మన దగ్గర అంతే. ఓటరు పేరు బయటికి చదివితే గోడవారన కూర్చున్న పార్టీ ఏజెంట్లు తమ జాబితాలో టిక్కు పెట్టుకుంటారు. దొంగ ఓటైతే అక్కడే లేచి ఆపుతారు. అమ్మ ముప్పై ఏళ్ళు ఆ గొంతుతోనే పనిచేసింది. జడ్జిగారు అంతా విని, నవ్వకుండా, చాలా మంచి పద్ధతి, కానీ ఇక్కడ మెల్లిగా అడిగితే చాలు, పక్కవాళ్ళకి తెలియనక్కర్లేదు అని చెప్పారట. అమ్మ సరేనంది. ఆ తర్వాత రోజంతా గుసగుసలాడినట్టే మాట్లాడింది. అలవాటైన గొంతుని అంత త్వరగా తగ్గించుకోవడం నా వల్లయితే కాదు.

మధ్యాహ్నం జడ్జిగారు వచ్చి, రద్దీ లేదు, వెళ్ళి మీ ఓటు వేసుకోండి అన్నారు. ఐదింటికి మా అమ్మాయి వస్తుంది అంది అమ్మ. ఐదున్నరకి మళ్ళీ అడిగారు. వచ్చేస్తూ ఉంటుంది అంది. ఆరున్నరకి ఆవిడ అడగడానికి కూడా మొహమాటపడ్డారట.

ఆరున్నరకి నేనెక్కడున్నాను? ఇర్వింగ్‌లోని మా ఆఫీసు నుంచి వచ్చే టోల్‌రోడ్ మీద. నాలుగింటికి సీట్లోంచి లేవాల్సిన దాన్ని, ఒక సాఫ్ట్‌వేర్ డిప్లాయ్‌మెంట్ ఫెయిలైతే, "ఇంకో పదిహేను నిమిషాలు" అని మూడుసార్లు అనుకున్నాను. నేను లేకపోతే ఆ కంపెనీ మూతపడుతుందన్నట్టు! బయటపడేసరికి ముందెక్కడో యాక్సిడెంట్, మూడు లేన్లు మూసేశారు. అమ్మకి ఫోన్ చేద్దామంటే ఆ ఫోన్ నా పక్క సీట్‌లోనే ఉంది. స్టీరింగ్ మీద గుద్దుకుంటూ, ముందున్న ట్రక్‌ని తిట్టుకుంటూ పాక్కుంటూ వచ్చాను. మా కౌంటీలోకి రాగానే ఎగ్జిట్ పక్కనే ఒక చర్చి దగ్గర 'ఓట్ హియర్' బోర్డు కనపడింది. ఈ కౌంటీలో ఏ సెంటర్‌లోనైనా వేయొచ్చు. ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఆగితే నా ఓటు పడుతుంది. కానీ అమ్మకి మాటిచ్చాను కదా, వెళ్ళిపోదాం, సరిపోతుంది అనుకుని దాటేశాను.

సరిపోలేదు. పార్కింగ్‌లో బండి అడ్డదిడ్డంగా వదిలేసి పరిగెత్తి హాలు తలుపు దగ్గరికి చేరేసరికి ఏడు దాటి మూడు నిమిషాలు.

లోపల క్యూ మెలికలు తిరిగి ఉంది. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. ఇక్కడ రూలేమిటంటే ఏడింటికి క్యూలో ఉన్నవాళ్ళందరూ ఎంతసేపైనా సరే ఓటు వేయొచ్చు. ఏడు తర్వాత వచ్చినవాళ్ళు క్యూలో కలవకుండా ఒక క్లర్క్‌ని చివర నిలబెడతారు. ఆ చివరి మనిషి వెనక ఇంకెవరూ ఉండరు.

తలుపు దగ్గర, క్యూ చివర, చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మనిషి మా అమ్మ.

నన్ను చూడగానే మొహం వెలిగింది. మరుక్షణం గోడ గడియారం వైపు చూసింది. ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను.

"టైమైపోయిందమ్మా" అంది. తెలుగులోనే. కానీ గొంతు ఇంటి గొంతు కాదు.

"అమ్మా, మూడు నిమిషాలు! యాక్సిడెంట్ అయింది రోడ్డు మీద. నీకోసం అక్కడ చర్చి దగ్గర ఆగకుండా వచ్చా!"

"అయ్యో" అంది. నిజంగానే అంది. కానీ కదల్లేదు.

"నీ పక్కన నిలబడతా. ఎవరికి తెలుస్తుంది?"

"ఇప్పుడే, నీకంటే ముందు ఒకతను వచ్చాడు. హోటల్లో వంటవాడనుకుంటా, ఏప్రన్‌తోనే వచ్చాడు. ఏడూ ఒకటి. అతన్ని పంపించేశాను. మారు మాట్లాడకుండా పోయాడు." అమ్మ అతను వెళ్ళిన తలుపు వైపు చూసింది. "అతనికి ఇక్కడ అమ్మ లేదనేగా పోయింది? నీకుందని నిన్ను రానివ్వనా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది అందరికీ తెలుసు. ఆ క్షణం నోటికొచ్చింది అనేశాను. "నువ్వసలు తల్లివేనా?" అన్నాను.

క్యూలో ముందున్నవాళ్ళు వెనక్కి చూశారు. భాష తెలియకపోయినా గొంతు తెలుస్తుంది కదా. జడ్జిగారు గబగబా వచ్చి ఏమంటోంది, ఏమైనా సమస్యా అని అడిగారు.

"ఏం లేదు. టైమెంతయిందని అడుగుతోంది" అంది అమ్మ.

బయటికి వచ్చేశాను. వెళ్ళిపోదామంటే అమ్మని తీసుకెళ్ళాలి కదా. గాజు తలుపు ఇవతల కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ ముందు అమ్మని, తర్వాత డిప్లాయ్‌మెంట్‌ని, తర్వాత ట్రక్‌ని తిట్టుకున్నాను. అందర్నీ తిట్టడం అయిపోయాక మిగిలింది నేనే. రెండు వారాలు తెరిచి ఉంచిన తలుపు. నేనే ఐదింటికన్నాను, నేనే ఏడు చేశాను.

లోపల క్యూ ఒక్కో అడుగే కదులుతోంది. అమ్మ కూడా దాని వెంట ఒక్కో అడుగే వేస్తోంది, ఆ క్యూలో ఆఖరి ఓటు తనదే కాబట్టి. వెనక ఎవరూ లేరు. అమ్మ ముందు నిలబడ్డ ఆవిడ చంకలో పిల్ల నిద్రపోయింది. ఆ పిల్ల చెప్పు జారి కిందపడితే అమ్మ వంగి తీసి తొడిగింది. పొద్దున్నుంచీ పద్నాలుగు గంటలుగా పనిచేస్తున్న మనిషి. కాలు మార్చి కాలు మీద నిలబడుతుంటే ఆ మోకాళ్ళ నొప్పి నాకు తెలుస్తోంది. చిన్నప్పుడు లారీలోంచి దిగినప్పుడు కూడా అలాగే దిగేది. ఎన్ని ఊళ్ళల్లో, ఎంతమందిని అమ్మ ఇలాగే ఆఖర్న నిలబడి ముందుకి పంపించిందో!

చివరికి బల్ల దగ్గరికి చేరింది. జడ్జిగారు తనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని అమ్మ ఐడీ తీసుకున్నారు. చూసి, ఏదో అడిగారు. అమ్మ తలూపింది. జడ్జిగారు లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని హాలంతటికీ ఏదో కేకేశారు. గాజు తలుపులోంచి కూడా వినపడింది నాకు.

"ఫస్ట్ టైమ్ ఓటర్!"

ఇక్కడ అదొక అలవాటు. ఎవరైనా మొదటిసారి ఓటు వేస్తుంటే బూత్‌లో పనిచేసేవాళ్ళు అలా అరిచి చప్పట్లు కొడతారు. మామూలుగా పద్దెనిమిదేళ్ళ పిల్లలకి కొడతారు. ఆ రోజు అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మకి కొట్టారు. రెండు పార్టీల క్లర్క్‌లూ లేచి నిలబడి కొట్టారు. మెషీన్ల దగ్గర ఓటు వేస్తున్నవాళ్ళు ఆగి, ఎవరా అని చూసి, వాళ్ళూ కొట్టారు. పొద్దున పేరు మెల్లిగా అనమని చెప్పిన ఆవిడే అందరికంటే గట్టిగా కొట్టారు. అమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుని, ఎటు చూడాలో తెలియక కాగితం వైపు చూస్తూ నిలబడింది. నేను గాజుకి ఇవతల ఏడుస్తూ కొట్టాను. ఈ దేశం మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి. ఆ నిమిషంలో ఒక్కటీ గుర్తురాలేదు.

సామానంతా సర్ది, లెక్కలు సరిచూసి, సంతకాలు పెట్టి బయటికి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. కార్‌లో కూర్చుని బెల్ట్ పెట్టుకుంది. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఆకలేస్తోందే" అంది.

ఇంకో రెండు సిగ్నల్స్ దాటాక, చిన్నపిల్లలా, "నేను వేసేశానే" అంది.

"చూశానమ్మా."

"చాలా కాలమ్స్ ఉన్నాయి. అన్నీ చదివే వేశాను." పెరుగన్నం డబ్బా ఒళ్ళోకి తీసుకుని, "నువ్వుంటే బాగుండేది" అంది.

సారీ చెప్పాల్సింది పోయి, ఆ వంటమనిషి గురించి అడిగాను, కోపంగా వెళ్ళాడా అని. లేదంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, వచ్చే ఎలక్షన్ ఎప్పుడని అడిగాడట. మే నెలలో సిటీ ఎలక్షన్ ఉంది, తప్పకుండా రా అని చెప్పిందట. ఆ మాట మా అమ్మ నాతో కూడా అంటున్నట్టే అనిపించింది, కానీ నన్ను చూడకుండా బయటికి చూస్తూ అంది.

ఆ చలికాలమంతా అమ్మ సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళి కాలనీలో కనపడ్డ మనవాళ్ళందర్నీ పట్టుకుంది. సిటిజన్ అయ్యారా, రిజిస్టర్ చేసుకున్నారా, మే నెలలో ఎలక్షన్ ఉందని తెలుసా? హాజరు తీసుకున్నట్టే. మావాళ్ళు తనని చూసి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళడం మొదలెట్టారు. "ఆంటీ, సిటీ కౌన్సిల్‌కి కూడా వేయాలా?" అని ఒకమ్మాయి అడిగితే, "మీ వీధి చివర సిగ్నల్ కావాలని ఏడుస్తావు కదా, అది వేసేది వాళ్ళే" అంది. ఆ అమ్మాయి ఆ రాత్రే నాకు మెసేజ్ పెట్టింది, ఏ తారీఖని.

మే నెల వచ్చింది. అదే హాలు, అదే జడ్జిగారు, అమ్మకి అదే డ్యూటీ. పోలింగ్ శనివారం. ఈసారి పోలింగ్ రోజు దాకా ఆగమని అమ్మ అనలేదు. నేనే ముందుగా వేయకుండా ఆగాను. పొద్దున ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుండగా గాజు తలుపు బయట నిలబడ్డాను. నా వెనక ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరు. నవంబరులో కిటకిటలాడిన హాల్లో ఆ రోజు కుర్చీలు, మెషీన్లు, నలుగురు క్లర్క్‌లు తప్ప మనిషి లేడు.

ఏడింటికి జడ్జిగారు తలుపు తీశారు. నన్ను గుర్తుపట్టి భుజం తట్టారు. అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఫోటో ఐడీ ప్లీజ్" అంది అమ్మ, ఇంగ్లీషులో. తల ఎత్తలేదు.

ఇచ్చాను. కళ్ళద్దాలు సరిచేసుకుని ఫోటో చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. టాబ్లెట్‌లో వెతికింది.

"ఇంకా ఈ అడ్రస్‌లోనే ఉంటున్నారా?"

ఆ ఇంట్లోనే తెల్లవారుజామున నేను పెట్టిచ్చిన కాఫీ ఫ్లాస్క్ ఆ బల్ల కిందే ఉంది. "ఉంటున్నానండీ" అన్నాను.

అమ్మ జడ్జిగారి వైపు ఒకసారి చూసింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి బయట ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూడడం మొదలెట్టారు. అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచింది. గొంతు సవరించుకుంది. ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు, ముప్పై ఏళ్ళు ఊరూరా చదివిన ఆ గొంతుతో, ఆ ఖాళీ హాలు దద్దరిల్లేలా చదివింది.

గోడవారన ఏజెంట్లెవరూ లేరు. ఆ పేరు వినాల్సింది నేనొక్కదాన్నే. విన్నాను.